‘ఎపికూరికుస్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: లాటిన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. ప్లేటో పేరు నుంచి ‘ప్లటోనికుస్’, సోక్రటీసు పేరు నుంచి ‘సోక్రటికుస్’ వచ్చాయి గనుక, అదే వరుసలో గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ పేరు నుంచి ‘ఎపికూరికుస్’ అని అభ్యాసంలో రాస్తే, దిద్దిపెట్టిన మిత్రులొకరు దానిని కొట్టివేసి ‘ఎపికూరేయుస్’ అని రాశారు. ఏ పేరుకు ఏ ప్రత్యయం వస్తుందో తెలుసుకొనే ఉపాయం ఉందా?

సమాధానం: మీ మిత్రులు దిద్దినదే సరైనది. ఈ విశేషణాలలో ఎక్కువ భాగం రోమనులు గ్రీకు నుంచి తెచ్చుకొని, చివరను మాత్రం తమ భాషకు తగినట్టు మార్చుకున్నవే. గ్రీకులో ‘ఇకొస్’ ఉన్నచోట లాటిన్‌లో ‘ఇకుస్’ వస్తుంది. ‘ఎయిఒస్’ ఉన్నచోట ‘ఏయుస్’ గాని ‘ఈయుస్’ గాని వస్తుంది. శివుని నుంచి శైవం, విష్ణువు నుంచి వైష్ణవం పుట్టినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి రావడం మనకు అలవాటే గాని, ఇక్కడ మార్పంతా పేరు చివరనే జరుగుతుంది. పేరును చూసి ఊహించడం కంటే గ్రీకు రూపాన్ని నిఘంటువులో చూసుకోవడమే నమ్మదగిన దారి.

కొన్ని పేర్లకు రెండు రూపాలూ ఉన్నాయి. పైథాగరస్‌కు ‘పీథగోరేయుస్’, ‘పీథగోరికుస్’ రెండూ చెల్లుతాయి. అరిస్టాటిల్ విషయంలో, క్రీ.పూ. 54 నాటి ఒక లేఖలో రోమన్ రచయిత సిసిరో, వక్తను గురించి తాను మూడు సంపుటాలను ‘అరిస్టొటెలీయో మోరె’, అంటే అరిస్టాటిల్ పద్ధతిలో, రాశానని చెప్పుకున్నాడు; ఇప్పుడు మనకు ఎక్కువగా కనిపించే ‘అరిస్టొటెలికుస్’ తరువాతి కాలంలో బలపడిన రూపం. సిసిరో శైలిలో రాయడం మీ ఉద్దేశమైతే మొదటిదానినే వాడమంటాను.

ఉచ్చారణలోనూ ఒక చిక్కుంది. అచ్చుకు ముందున్న అచ్చు లాటిన్‌లో సాధారణంగా హ్రస్వమే అయినా, ‘ఎపికూరేయుస్’లోని ‘రే’ మాత్రం గ్రీకు సంయుక్తాచ్చు ‘ఎయి’ నుంచి వచ్చినది కాబట్టి దీర్ఘంగానే నిలిచింది, ఊనిక కూడా దానిమీదే పడుతుంది. లాటిన్ పుస్తకాలలో ఈ దీర్ఘానికి తరచుగా గుర్తు ఉండదు. తెలుగు లిపిలో పక్కన రాసుకుంటే మరచిపోరు.

ప్రశ్న: ధన్యవాదాలు. మరి ‘స్టోయికుస్’ ఎవరి పేరు నుంచి వచ్చింది?

సమాధానం: ఎవరి పేరూ కాదు. స్టోయిక్ తత్త్వానికి మూలపురుషుడైన జీనో పాఠాలు చెప్పిన ఏథెన్స్ స్తంభాల మంటపాన్ని గ్రీకులో ‘స్టోవా’ అంటారు. ఆ చోటే శిష్యులకు పేరైంది.