ఒక్క ట్రక్కూ అమ్మని కంపెనీని షార్ట్ కొట్టడం న్యాయమా? నికోలా మీద చర్చ

శేషు_చాండ్లర్

నిన్న వేరే చర్చలో ఒకాయన "షార్ట్ కొట్టేవాళ్లే మార్కెట్‌కి కాపలాదారులు, వాళ్లు లేకపోతే నికోలా ఇప్పటికీ జనాన్ని ముంచుతూ ఉండేది" అని రాశారు. నికోలా అంటే అమెరికాలో హైడ్రోజన్, ఎలక్ట్రిక్ ట్రక్కులు చేస్తామన్న కంపెనీ. షార్ట్ కొట్టడం అంటే షేరు అరువు తెచ్చి అమ్మి, ధర పడ్డాక చౌకగా కొని తిరిగిచ్చి లాభం చూసుకోవడం. అక్కడ వాదిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ వేరేగా పెడుతున్నా.

వయసొచ్చిన కంపెనీని షార్ట్ కొట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఫోర్డ్ షేరు సగానికి పడినా మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ మామూలుగానే తెరుచుకుంటుంది. అమ్మకాలే మొదలవ్వని కంపెనీ సంగతి అది కాదు. దానికి షేరే ఆదాయం. కొత్త షేర్లు అమ్మి జీతాలివ్వాలి, షేర్లు ఆశ చూపి ఇంజినీర్లను పట్టుకురావాలి, షేర్లిచ్చి భాగస్వాముల్ని తెచ్చుకోవాలి. 2020 సెప్టెంబర్ 8న కార్ల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్)తో నికోలా చేసుకున్న ఒప్పందం అలాంటిదే. 11 శాతం వాటా మీకిస్తాం, మా బ్యాడ్జర్ పికప్ ట్రక్కు మీరు తయారుచేసి పెట్టండి అని. సరిగ్గా రెండు రోజులకి, నికోలాది మోసం అంటూ షార్ట్ కొట్టే సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చింది (2023లో అదానీ మీద రాసింది వీళ్లే). నవంబర్ నెలాఖరుకి జీఎం వాటా వద్దంది, బ్యాడ్జర్ అటకెక్కింది.

ఆ తర్వాత ఇక్కడ ఆరిజోనాలోనే, కూలిడ్జ్‌లో ఫ్యాక్టరీ పెట్టి, హైడ్రోజన్ ట్రక్కులు నిజంగానే తయారుచేసి అమ్మారు. ఆ పని చేసినవాళ్లు మోసగాళ్లు కారు. కానీ అప్పటికే పేరు పోయింది, డబ్బు పుట్టడం గగనమైంది, 2025 ఫిబ్రవరిలో దివాలా. పడిపోతుందని పందెం కట్టి, పడెయ్యడానికి మనమే చెయ్యి వేస్తే దాన్ని జోస్యం అంటారా?

ఎలుగుబంటి_రావు

నిన్నటి ఆ 'ఒకాయన' నేనే. శేషు గారూ, కూలిడ్జ్ ట్రక్కులు సరే, వాటికి ముందు వచ్చిన ట్రక్కు మాటేమిటి?

2016 డిసెంబర్‌లో సాల్ట్ లేక్ సిటీలో నికోలా వన్ అని ఒక బండిని వేదిక మీద పెట్టి, ఇది బొమ్మ కాదు, నడిచే ట్రక్కు అని వ్యవస్థాపకుడు ట్రెవర్ మిల్టన్ చెప్పాడు. 2018 జనవరిలో 'నికోలా వన్ కదులుతోంది' అని ఒక వీడియో వదిలారు. ఎడారి రోడ్డు మీద ట్రక్కు ఝామ్మని పోతుంటుంది. జరిగిందేమిటంటే, యూటాలో వాలుగా ఉన్న ఒక తిన్నని రోడ్డు చూసుకుని, బండిని పైదాకా లాక్కెళ్లి వదిలేశారు. తలుపు ఊడకుండా టేపు వేశారట. ఈ ముక్క నాది కాదు, ప్రభుత్వ నేరాభియోగ పత్రంలోది. హిండెన్‌బర్గ్ వాళ్లు అదే రోడ్డు మీద మామూలు కారును న్యూట్రల్‌లో వదిలి చూశారు. అదీ ఝామ్మనే పోయింది.

సెప్టెంబర్ 14న కంపెనీ ఇచ్చిన సంజాయిషీ ఇంకా అందం. ట్రక్కు సొంత శక్తితో నడుస్తోందని వీడియోలో మేం ఎప్పుడూ చెప్పలేదు అన్నారు. అవును మరి, కదులుతోంది అన్నారంతే!

జీఎంకి లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు, వందేళ్లుగా బళ్లు చేస్తున్న ఇంజినీర్లున్నారు. వాళ్లకి కనపడని వాలు, పడితే లాభమొచ్చే నలుగురికి కనపడింది. లాభమే లేకపోతే ఆ రోడ్డు దాకా ఎవరు పోతారు?

ట్రేడ్_బాబాయ్

ట్రక్కులో పెట్టిన స్క్రీన్ వ్యవస్థని మిల్టన్ 'హెచ్‌టీఎంఎల్ 5 సూపర్ కంప్యూటర్' అన్నాడు, అది మర్చిపోయారు. అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సు సగంలో మానేసినవాడు కూడా నవ్వుతాడు.

పద్మజ_సీఏ

వీడియో దాకా ఎందుకండీ, లెక్కలు చూసినా తెలిసిపోయేది. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో నికోలా మొత్తం ఆదాయం 36,000 డాలర్లు. అదీ ట్రక్కుల మీద వచ్చింది కాదు, తమ చైర్మన్‌కే సోలార్ ప్యానెళ్లు బిగించి పెట్టినందుకు. చైర్మన్ అంటే మిల్టనే. ఆ జూన్‌లోనే కంపెనీ మార్కెట్ విలువ కాసేపు ఫోర్డ్‌ని దాటింది. ఈ 36,000 ఎవరూ దాచలేదు, ఫైలింగ్‌లోనే ఉంది.

అలాగని రావు గారి మాటకీ పూర్తిగా తలూపను. ధర మరీ ఎక్కువైందని షార్ట్ కొట్టడం ఒక అభిప్రాయం మాత్రమే. టెస్లా మీద అదే అభిప్రాయం పెట్టుకున్నవాళ్లు 2020లో బొక్కబోర్లా పడ్డారు, ఆ ఒక్క ఏడాదే షేరు 700 శాతానికి పైగా పెరిగింది. అక్కడ మాత్రం వాళ్లు కాపలా కాసిందేమిటి? అబద్ధాన్ని పట్టుకుని షార్ట్ కొట్టడం వేరు. దాన్ని మీరూ నేనూ కూడా పరీక్షించుకోవచ్చు. రోడ్డు వాలుగా ఉందా లేదా, అంతే.

శేషు గారి 'చెయ్యి వేయడం' వాదన మొదటి రకానికి కొంత నిలుస్తుంది. రెండో రకంలో ఆ చెయ్యి మిల్టన్‌దే. 2022 అక్టోబర్‌లో జ్యూరీ మోసం కేసులో దోషి అంది, 2023 డిసెంబర్‌లో నాలుగేళ్ల శిక్ష పడింది. 2025 మార్చిలో ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు, అది వేరే పురాణం. అంతకుముందే కంపెనీ కూడా ఎస్‌ఈసీతో (అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) 12.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. ఆ డబ్బు కూలిడ్జ్ ఇంజినీర్ల జీతాలకి పనికొచ్చేది కదా, దానికి కారణం షార్ట్ కొట్టినవాళ్లా?

కేపీహెచ్‌బీ_కార్తీక్

నీతి సంగతి పెద్దలు తేల్చండి, నాకు డబ్బు సంగతి కావాలి. మిల్టన్ మాటల మీద మీకు 2020 జూన్‌లోనే అనుమానం వచ్చింది అనుకుందాం. జూన్ 5 శుక్రవారం షేరు 36 దగ్గర ముగిసింది. వంద షేర్లు అరువు తెచ్చి అమ్మేశారు, చేతికి 3,600. సోమవారం ముగింపు 73. మంగళవారం ఒక దశలో దాదాపు 94. రెండు రోజుల్లో 5,800 నష్టం, మార్జిన్ కాల్ (ఇంకా డబ్బు కట్టమని బ్రోకర్ పిలుపు), కట్టకపోతే బ్రోకరే కొనేసి మిమ్మల్ని బయటికి గెంటేస్తాడు. కంపెనీ గురించి మీరన్నది అక్షరాలా నిజమే, డబ్బు మాత్రం గోవిందా. పైగా ఆ రోజుల్లో నికోలా షేరు అరువు దొరకడమే కష్టం, దొరికితే వడ్డీ వాచిపోయేది.

వడ్డీ ఎందుకంతో ఎవరూ చెప్పలేదు. నికోలా ఐపీఓకి రాలేదు, స్పాక్‌తో (వేరే కంపెనీని కలుపుకోవడానికే ముందుగా లిస్టయిన ఖాళీ కంపెనీ) విలీనమై లిస్టయింది. దాంతో 11.50 డాలర్లకి షేరు తీసుకునే హక్కున్న వారెంట్లు బయట చాలా ఉన్నాయి. కానీ రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా వాటిని షేర్లుగా మార్చుకునే వీల్లేదు, అందుకని ఉండాల్సిన ధర కంటే బాగా తక్కువకి తిరిగాయి. తెలివైనవాళ్లు వారెంటు కొని, ఎదురుగా షేరుని షార్ట్ కొట్టి కూర్చున్నారు. అందరూ అరువు అడిగేసరికి వడ్డీ పెరిగింది. వీళ్లకి హైడ్రోజన్ అయినా ఒకటే, బొగ్గయినా ఒకటే. షార్ట్ లెక్క పెద్దగా కనపడగానే 'కంపెనీని చంపేస్తున్నారు' అంటే ఎలా, అందులో కసితో ఉన్నవాళ్లెందరు, లెక్క కోసం ఉన్నవాళ్లెందరు?

మన దగ్గరైతే ఈ గొడవే లేదు. చేతిలో లేని షేరు అమ్మితే సాయంత్రంలోపు కొనెయ్యాలి, అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకి ధర పెరగగలిగే గరిష్ఠ హద్దు) పడితే కొనడానికి దొరకదు, పెనాల్టీతో వేలానికి పోతుంది. రాత్రి దాటించాలంటే ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్లు, ఆప్షన్ల మార్కెట్) ఉన్న కంపెనీలే దిక్కు. షేరు అరువిచ్చే ఎస్‌ఎల్‌బీ అని ఒకటుంది గానీ చిన్న కంపెనీలకి అది పేరుకే. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపిన డబ్బుతో అమెరికాలో మార్జిన్ మీద (బ్రోకర్ అప్పుతో) ఆడటానికి ఆర్‌బీఐ ఒప్పుకోదు. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి నివేదిక చదివి ఆనందించడమే.

శేషు_చాండ్లర్

పద్మజ గారు, వీడియో విషయంలో నేను మిల్టన్‌ని వెనకేసుకు రావట్లేదు. నా బాధ వేరు. నివేదిక ఏ రోజు వదలాలో వాళ్లే నిర్ణయించుకుంటారు, ముందే షార్ట్ కొట్టి పెట్టుకుంటారు. ఆ రోజు షేరు 11 శాతం పడింది. ఇలాంటప్పుడు భయపడి అమ్మేది మనలాంటివాళ్లం, చౌకగా కొని కవర్ చేసుకునేది వాళ్లు. నిజం తెలిస్తే ఎస్‌ఈసీకి ఒక ఉత్తరం రాసి ఊరుకోవచ్చుగా?

ఎలుగుబంటి_రావు

మాకు షార్ట్ ఉంది అని నివేదికలోనే రాసుకున్నారండీ. మరి రెండో వైపు? విలీనం పూర్తయిన రోజే మిల్టన్ తన షేర్లలో 7 కోట్ల డాలర్ల విలువైనవి అమ్ముకున్నాడు. ఆ తర్వాత టీవీల్లో, ట్విట్టర్‌లో చిన్న ఇన్వెస్టర్లకి ఊరిస్తూనే ఉన్నాడు. ఎస్‌ఈసీకి ఉత్తరం అంటారా, మిల్టన్ మీద అభియోగం 2021 జూలైలో గానీ రాలేదు. ఆ పది నెలలూ ఎవరూ నోరెత్తకపోతే 'మనలాంటివాళ్లు' ఇంకెంత ధరకి కొని ఉండేవాళ్లు?

శేషు_చాండ్లర్

అది ఒప్పుకుంటా. కానీ ఈ ఆయుధం మంచివాళ్ల మీద కూడా ఇలాగే పనిచేస్తుంది. నిజాయితీ ఉన్న చిన్న కంపెనీ మీద సగం నిజంతో ఒక నివేదిక పడితే, అది అబద్ధమని తేలేసరికి ఖజానా ఖాళీ. దానికి మీ దగ్గర జవాబు లేదు.

సునీత_ఫ్రిస్కో

జవాబు నా దగ్గరా లేదు గానీ, ఒక్క మాట. షార్ట్ కొట్టడానికి ఆ షేర్లు ఎక్కడ్నుంచి వస్తాయి అనుకుంటున్నారు? మార్జిన్ అకౌంట్‌లో అప్పు మీద మీరు కొనుక్కున్నవి కూడా అందులో ఉంటాయి. బ్రోకర్ వాటిని అరువిచ్చుకోవచ్చని మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటుంది, వచ్చే వడ్డీ మామూలుగా బ్రోకర్‌కే. మీ షేరు మీకు వ్యతిరేకంగా వాడకూడదు అనుకుంటే క్యాష్ అకౌంట్‌లోకి (అప్పు లేకుండా సొంత డబ్బుతోనే కొనేది) మార్చుకోండి, షేర్లు అరువిచ్చే స్కీముకి ఒప్పుకుని ఉంటే అదీ తీసేయండి.

శేషు_చాండ్లర్

మారిస్తే రోజూ కొని అమ్మడానికి ఇబ్బందేమైనా ఉంటుందా?

సునీత_ఫ్రిస్కో

కొంచెం ఉంటుంది. అమ్మిన డబ్బు మర్నాటికి గానీ సెటిల్ అవ్వదు. ఆ డబ్బుతో అదే రోజు కొనొచ్చు, కానీ సెటిల్ అయ్యేలోపు కొన్నదాన్ని అమ్మకండి. పదేపదే అలా చేస్తే అకౌంట్ మీద ఆంక్ష పెడతారు.