ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌తో పాటు మైనర్ చేయాలంటే ఎక్కడ ఇరుక్కుంటాం?

నీటిబొట్టు:
మేజర్ ఎన్విరాన్‌మెంటల్, ఎనిమిదిలో మూడో సెమిస్టర్ నడుస్తోంది. దాని పక్కన రెండో సబ్జెక్టుగా 18 క్రెడిట్ల మైనర్ తీసుకుందామని ఉంది. స్టాటిస్టిక్సా, కెమిస్ట్రీయా తేలడం లేదు. ల్యాబులతో కలిపి నెగ్గుకురాగలమా?

కాలువగట్టు:
నెగ్గుకురావచ్చు. కాకపోతే మైనర్ ఏదన్నది తర్వాత, ముందు మేజర్‌లో ఒకటి పాసైతేనే ఇంకోటి ఇచ్చే కోర్సుల వరస చూడండి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హైడ్రాలిక్స్, నీటి శుద్ధి, చివర్లో డిజైన్ ప్రాజెక్టు. వీటిలో కొన్నిటిని ఏడాదికి ఒక్కసారే చెప్తారు. మైనర్ క్లాసుతో టైము కుదరలేదని ఫ్లూయిడ్స్ వాయిదా వేశారా, పోయేది సెమిస్టర్ కాదు, ఏడాది.

18 క్రెడిట్లంటే దాదాపు 6 కోర్సులు. మేజర్‌లో ఎలాగూ ఉండే ప్రాబబిలిటీ, ఇంకో ఎలక్టివ్ రెండు వైపులా లెక్కకొస్తే మిగిలేవి 4. మీకున్నవి 5 సెమిస్టర్లు. ఖాళీగా మిగిలేదాన్ని డిజైన్ ప్రాజెక్టుకి వదిలేయండి. ఈ రెండు వైపుల లెక్కకి చాలాచోట్ల పరిమితి ఉంటుంది, కొన్నిచోట్ల ఒప్పుకోనే ఒప్పుకోరు. అడ్వైజర్ నోటిమాటతో సరిపెట్టుకోకుండా మెయిల్లో రాయించుకోండి.

బీకరు:
అసలు గండం ల్యాబులే. టైముటేబుల్లో 3 గంటలని ఉంటుంది గానీ బీఓడీ టెస్టుకి (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో కొలిచేది) సీసాలు 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండాలి. సోమవారం పెడితే రీడింగు శనివారం, మంగళవారం పెడితే ఆదివారం. పైగా డైల్యూషన్, అంటే శాంపిల్‌ని నీళ్లతో పలచన చేసే మోతాదు, తప్పి చివరికి కరిగిన ఆక్సిజన్ లీటరుకి 1 మిల్లీగ్రాము కంటే తగ్గినా, మొత్తం తరుగుదల 2 మిల్లీగ్రాములు దాటకపోయినా ఆ సీసా లెక్కలోకి రాదు. అన్ని సీసాలూ అలాగే పోతే మళ్లీ 5 రోజులు. అందుకే ఒక్కో శాంపిల్‌కి మూడు నాలుగు డైల్యూషన్లు పెట్టండి, ల్యాబు సెక్షన్ బుధ, గురు, శుక్రవారాల్లో దొరికితే వదలొద్దు.

కెమిస్ట్రీ మైనర్ ఇక్కడే దెబ్బతీస్తుంది. అందులోవీ మధ్యాహ్నం ల్యాబులే, రెండూ ఒకే వేళకి పడతాయి. స్టాటిస్టిక్స్ హోంవర్కు రాత్రి పదింటికైనా చేసుకోవచ్చు.

కాలువగట్టు:
స్టాటిస్టిక్స్‌కే నా ఓటు కూడా. రిగ్రెషన్, టైమ్ సిరీస్ తీసుకోండి. సర్వైవల్ అనాలిసిస్ ఉంటే అదీ. పేరు చూసి డాక్టర్ల సబ్జెక్టు అనుకుంటారు గానీ, నీటి డేటాలో 'పరికరం పసిగట్టగల మోతాదు కంటే తక్కువ' అని వచ్చే విలువల్ని లెక్కకట్టే పద్ధతులు అందులోనే ఉన్నాయి. వాటి చోట సున్నా పెడితే సగటు ఉన్నదానికంటే తగ్గిపోతుంది.

నీటిబొట్టు:
వచ్చే సెమిస్టర్ ల్యాబు మంగళవారమే పడింది, వేరే సెక్షన్ లేదు.

బీకరు:
అయితే బీఓడీ వారం వచ్చేలోపే ఆదివారం ల్యాబు ఎవరు తెరుస్తారో ఇన్‌ఛార్జిని అడిగిపెట్టుకోండి. గ్రూపులో వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి ఒక ఆదివారమే పోతుంది.