ఆన్‌లైన్ రేడియో స్ట్రీమ్‌కి యాడ్స్ అమ్మేవాళ్లున్నారా ఇక్కడ? షాపుల వాళ్లకి ఏం చెప్తున్నారు?

ఫ్రిస్కోవాలా: డల్లాస్ వైపు ఓ చిన్న తెలుగు రేడియోకి కమీషన్ మీద యాడ్స్ తెస్తున్నా. మామూలు ఏఎం రేడియోలో స్పాట్లు (యాడ్స్) ఎలాగోలా పోతున్నాయి. ఆన్‌లైన్ స్ట్రీమ్ అనేసరికి స్వీట్ షాపాయన "ఎంతమంది వింటారు?" అంటాడు. పొద్దుటి షోకి మహా అయితే 140 మంది. ఆ అంకె చెప్తే నవ్వుతాడు, చెప్పకపోతే నమ్మడు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

ఎడిసన్అక్క: ఆ 140లో మీ ఊరివాళ్లెంతమందో చూశావా తమ్ముడూ? మా స్ట్రీమ్‌లో మూడోవంతు ఇండియా నుంచే. చలికాలంలో డల్లాస్‌లో పొద్దున 8 అంటే గుంటూరులో రాత్రి 7:30. అమ్మాయి వినే రేడియో కదా అని అమ్మానాన్నలు పెట్టుకుంటారు. వాళ్లకి మా ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో నగల సేల్ ఎందుకు చెప్పు? ఐపీ అడ్రస్‌ని బట్టి ఏ దేశానికి ఆ యాడ్ వేసే వీలుంది, సర్వర్ వాళ్లనడుగు. మేం ఇండియా వాటా అమరావతి ప్లాట్లవాళ్లకి అమ్మాం!

పాతమైకు: వెయ్యిమందికింత అనే లెక్కన మాత్రం అమ్మకండి. వెయ్యికి 10 డాలర్లంటే, 140 మందికి ఒకసారి యాడ్ పడితే వచ్చేది డాలరు నలభై సెంట్లు. ఖర్చు చూడండి: అమెరికాలో ఏఎం, ఎఫ్ఎంలో వేసే పాటకి రికార్డింగ్ హక్కుదారులకి రాయల్టీ కట్టక్కర్లేదు, స్ట్రీమ్‌లో అయితే ఒక్కో పాటకి, వినే ఒక్కో మనిషికి ఇంత అని కట్టాలి. 2021లో మామూలు కమర్షియల్ స్ట్రీమ్ రేటు 0.21 సెంట్లు, తర్వాత ఇంకా పెరిగింది. గంటకి 12 పాటలేస్తే ఆ పాత రేటుకే మనిషికి రెండున్నర సెంట్లు. యాడ్‌కి మనిషికి వచ్చేది ఒక్క సెంటే కాబట్టి, గంటకి మూడు యాడ్స్ పడితే గానీ పాటల బాకీ తీరదు. జనం పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది, ఇదెక్కడి వ్యాపారమో!

బిర్యానీబాధితుడు: నా గోల వినండి. ఓ హోటలాయన తన యాడ్ విందామని కౌంటర్లో ఫోన్ పెట్టుకు కూర్చున్నాడు. ఏఎంలో ఆయన బిర్యానీ యాడ్ వస్తోంది, స్ట్రీమ్‌లో అదే టైముకి "సీటుబెల్టు పెట్టుకోండి" అని వచ్చింది. వెంటనే ఫోను: "డబ్బులు నావి, బెల్టు ఎవరిదండీ?"

పాతమైకు: 😂 అది పాత జబ్బు. 2001లో అమెరికాలో రేడియో, టీవీ కళాకారుల యూనియన్ ఆఫ్ట్రా, యాడ్‌లోని గొంతు నెట్‌లో కూడా వినిపిస్తే వాయిస్ ఆర్టిస్టులకి అదనంగా ఇవ్వాలంది. చాలా స్టేషన్లు స్ట్రీములే ఆపేశాయి. స్ట్రీమ్‌లో ఏఎం యాడ్ మీద ఇంకోటి కప్పే పద్ధతి అలా ఊపందుకుంది. ఒప్పందంలోనే "ఏఎం, స్ట్రీమ్ రెండింట్లో" అని రాయించుకోండి.

ఎడిసన్అక్క: అంకెలు పక్కన పెట్టి నెలకింత అని మాట్లాడు. రికార్డు చేసిన స్పాట్ కాకుండా ఆర్జేతోనే చెప్పించు, పాట అయ్యాక కబుర్లలో కలిపి. "రేడియోలో విన్నాం" అన్నవాళ్లకి పావుకిలో మైసూర్‌పాక్ ఫ్రీ అనిపించు. వచ్చినవాళ్లకి కౌంటర్ దగ్గర నోటుబుక్కులో గీత.

ఫ్రిస్కోవాలా: అక్కా, మూడు వారాలైంది. నెలకి 250 డాలర్లకి ఒప్పుకున్నాడు. నోటుబుక్కులో 23 గీతలు పడ్డాయి. అందులో నాలుగు మా ఆవిడవి. ఆయనకి చెప్పకండి.