సూర్యుడు చెలరేగినప్పుడు విశ్వ కిరణాలు తగ్గడమేమిటి?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు, వేసవి సెలవులే అయినా పిల్లలకు తరువాత చూపవచ్చునని, గైగర్ కౌంటరును (వికిరణం తగిలిన ప్రతిసారీ టిక్కుమనే పరికరాన్ని) మా డాబా మీది గ్రానైటు బండపై ఉంచి గంట గంటకూ లెక్క రాసుకున్నాను. నిమిషానికి సగటున 24 టిక్కులు వచ్చాయి. తుఫానుకు ముందూ అంతే, తరువాతా అంతే. సూర్యుడు చెలరేగితే కణాలు ఎక్కువగా రావాలని నేను అనుకున్నాను. అయితే అటువంటి సమయాల్లో విశ్వ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చి పడే అధిక శక్తి కణాలు, తగ్గుతాయని ఒకచోట చదివాను. ఎందుకు తగ్గుతాయి? తగ్గితే నా కౌంటరుకు ఎందుకు తెలియలేదు?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత అధ్యాపకుడు)

మాస్టారూ, మీరు రెండు వేర్వేరు వానలను ఒకటిగా లెక్కగట్టారు. సూర్యుడే విసిరే కణాలు ఒక రకం. విశ్వ కిరణాలలో అత్యధిక భాగం మాత్రం సౌర మండలానికి వెలుపలి నుంచి, మన పాలపుంత నుంచి వస్తాయి. అవి లోపలికి రావాలంటే సౌర పవనానికి (సూర్యుని నుంచి ఎడతెగక వెలువడే కణాల ప్రవాహానికి) ఎదురీదాలి. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో అన్ని దిక్కులకూ వీచే ఆ పవనం సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. ఆ క్షేత్రంలోని మడతలకు తగిలి విశ్వ కిరణాలు దారి తప్పుతాయి, కొన్ని వెనక్కి కొట్టుకుపోతాయి.

కల్లంలో వడ్లు తూర్పారబట్టడం మీరు చూసే ఉంటారు. గాలికి తాలు ఎగిరిపోతుంది, గట్టి గింజ నేరుగా కాళ్ల దగ్గర రాలుతుంది. ఇక్కడా అంతే: తక్కువ శక్తి గల కణాలను సౌర పవనం చెదరగొడుతుంది, అధిక శక్తి గలవి దాదాపు లెక్కచేయకుండా వచ్చేస్తాయి. సుమారు 11 ఏళ్ల చక్రంలో సూర్యుని మచ్చలు పెరిగిన కాలంలో క్షేత్రం బాగా చిక్కుబడుతుంది కనుక కిరణాలు తగ్గుతాయి, మచ్చలు లేని కాలంలో పెరుగుతాయి. ఈ పెరుగుదల, తరుగుదల మచ్చల వెంటనే కాక కొన్ని నెలలు ఆలస్యంగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ పవనం సౌర మండలపు అంచు దాకా చేరడానికే ఏడాది పైన పడుతుంది. 2009లో సూర్యుడు చాలా రోజులు మచ్చలు లేకుండా ఉన్నప్పుడు, అప్పటికి పరికరాలతో కొలిచిన కాలమంతటిలోనూ అత్యధిక స్థాయి నమోదైంది.

మీరు చదివిన ఆకస్మిక తగ్గుదల మరొకటి. సూర్యుని నుంచి పెద్ద ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘం బయలుదేరి భూమిని దాటేటప్పుడు అది తెరలా అడ్డుపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో లెక్క పడిపోయి, కోలుకోవడానికి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. 1937లో దీనిని గమనించిన స్కాట్ ఫోర్బుష్ పేరుతోనే ఫోర్బుష్ తగ్గుదల అంటున్నారు.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని నేను జపాల్-రంగాపూర్ వేధశాల సమీపంలో చూశాను. అది మచ్చలు ఎక్కువగా ఉన్న కాలం. చీకటి బింబం చుట్టూ కరోనా (సూర్యుని వెలుపలి వాతావరణం) అన్ని వైపులకూ విచ్చుకుని ఉంది. ఆ అయస్కాంత క్షేత్రపు చిక్కు ఎంత దూరం వ్యాపిస్తుందో ఆనాడు నాకు తట్టలేదు.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

పెద్దాయన చెప్పిన తూర్పారబట్టే మాటనే కొనసాగిస్తాను, మీ రెండవ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన దగ్గర రెండవ జల్లెడ ఒకటి ఉంది: భూమి అయస్కాంత క్షేత్రం. ధ్రువాల దగ్గర తక్కువ శక్తి గల కణాలు కూడా దిగుతాయి. తెలంగాణ అక్షాంశాల్లో మాత్రం నిటారుగా దిగాలంటే ప్రోటానుకు దాదాపు 16, 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. అంటే తాలు ఇక్కడి దాకా రానే రాదు, మనకు చేరేవన్నీ గట్టి గింజలే. సూర్యుడు కదిలించలేనివీ అవే. ఫిన్లాండులో విశ్వ కిరణాలను కొలిచే ఔలు కేంద్రం వంటి చోట్ల పెద్దగా కనిపించే మార్పు మన దగ్గర కొద్ది శాతానికి కుంచించుకుపోతుంది.

ఇక మీ బండ సంగతి. మన ప్రాంతపు గ్రానైటులో రేడియోధార్మిక పదార్థాలైన యురేనియం, థోరియం ఉంటాయి, కనుక మీ 24 టిక్కులలో ఎక్కువ భాగం రాతివే అయి ఉంటాయి. మూడో వంతు ఆకాశానివని అనుకుందాం. రోజుకు 34,560 టిక్కులైతే సహజమైన ఒడిదుడుకే 186 దాకా ఉంటుంది. ఆకాశపు వాటా 11,520లో మూడు శాతం తగ్గితే పోయేది 346 మాత్రమే. వాతావరణ పీడనం, గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కలిసి ఆ కాస్తను మింగేస్తాయి.

ఒక ట్యూబు మీద మరొకటి ఉంచి, రెండూ ఒకేసారి మోగినప్పుడే లెక్కపెట్టే సర్క్యూట్ కట్టండి. రాతి టిక్కులు దాదాపుగా తప్పిపోయి మ్యూయాన్లు (విశ్వ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి నేల దాకా చేరే కణాలు) మిగులుతాయి. కానీ నిమిషానికి వచ్చేవి చాలా తగ్గిపోతాయి, కాబట్టి నెలల తరబడి నడపాలి. ప్రతి లెక్క పక్కన పీడనం కూడా రాయండి: గాలి బరువెక్కితే మ్యూయాన్లు తగ్గుతాయి, దానిని సూర్యుని ఖాతాలో వేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం కౌంటరును బండ మీద నుంచి తీసి చెక్క బల్ల మీద ఉంచాను. గంటసేపటి సగటు 24 నుంచి 17కు దిగింది. రెండవ ట్యూబు తెప్పిస్తున్నాను, పీడనం మాత్రం ఈ రోజు నుంచే రాసుకుంటాను.