పిల్లలతో వేయించిన పెయింటింగులు హాలు గోడకు పెట్టాలి: ఏ కాగితం, ఏ రంగులు, ఎలా?

ప్రశ్న (ఖాళీగోడ)

పిల్లల్లో బాబుకు మూడేళ్లు, పాపకు ఆరేళ్లు. సోఫా పొడవు 180 సెం.మీ., దాని వెనక గోడంతా ఖాళీ. కొన్న బొమ్మలు కాకుండా వీళ్లు వేసినవే ఫ్రేము కట్టించి పెట్టాలని ఉంది. ఇప్పటిదాకా వేసినవాటిలో మూడు ఇబ్బందులు కనిపిస్తున్నాయి.

ఒకటి, చిన్నవాడి చేతికి రంగులిస్తే పది నిమిషాల్లో కాగితమంతా బురద రంగుకు తిరుగుతోంది. రెండు, ఆరాక కాగితం అలలు అలలుగా ముడుచుకుంటోంది. మూడు, పోస్టర్ కలర్ మందంగా పడ్డచోట పెళుసెక్కి రాలుతోంది.

మధ్యలో మేం చెయ్యి పెట్టి దిద్దితే అది పిల్లల బొమ్మ కాకుండా పోతుంది. దిద్దకుండానే గోడ మీద నిండుగా కనిపించాలంటే ఏం చేయాలి? ఆక్రిలిక్ వాడొచ్చా?

జవాబు 1 (కుంచెకట్ట)

దిద్దాల్సిన పనే లేదండీ. కాగితం ఎంత, ఏది, బల్ల మీద ఏయే రంగులుంటాయి, ఎప్పుడు ఆపాలి, ఆ తర్వాత ఏ ఫ్రేము... ఇవన్నీ పెద్దవాళ్ల పనులు. కుంచె కాగితాన్ని తాకినప్పటి నుంచి పైకి లేచేదాకా అంతా పిల్లవాడిదే. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ పెద్దవాళ్ల వంతు పనిలోనే ఉన్నాయి.

బురద రంగు సంగతి ముందు. ఒక్కో రంగు వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తుంది. ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిస్తే దాదాపు అంతా మింగేస్తాయి, మిగిలేది గోధుమరంగే. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే జంటలు కలిసినా అంతే: ఎరుపు–ఆకుపచ్చ, నీలం–నారింజ, పసుపు–ఊదా. కాబట్టి ఒక పూట బల్ల మీద ఆ చక్రంలో పక్కపక్కన ఉండే రంగులు మాత్రమే ఉంచండి. నీలం, ఆకుపచ్చ, కొద్దిగా పసుపు, వాటితో తెలుపు. లేదా పసుపు, నారింజ, గులాబీ, వాటితో తెలుపు. వాడు ఎంత కలిపినా, ఎంత రుద్దినా బాగుండే రంగే వస్తుంది. తెలుపు మాత్రం మిగతావాటికి రెట్టింపు పెట్టండి, ముందు అయిపోయేది అదే. సోఫా గుడ్డలోనో కర్టెన్లోనో ఉన్న ఒక రంగును ఈ గుంపులో చేరిస్తే గదికి అతికినట్టు ఉంటుంది.

ఎదురు రంగు కావాలంటే మర్నాడు, కింది పొర పూర్తిగా ఆరాక ఇవ్వండి. నీలాల మీద నారింజ చుక్కలు నాలుగు పడితే బొమ్మ లేచి కూర్చుంటుంది. ఇక్కడే పోస్టర్ కలర్‌కీ ఆక్రిలిక్‌కీ తేడా తెలుస్తుంది. పోస్టర్ కలర్ ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పై పొర వేస్తుంటే కింది పొర లేచి కలిసిపోయి మళ్లీ బురదే. ఆక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరలా బిగుస్తుంది, కరగదు. పలుచని పొరకు 15–20 నిమిషాలు చాలు. పొరలు పొరలుగా వేసి గోడకు పెట్టే బొమ్మకు ఆక్రిలిక్కే సరైనది.

పెళుసెక్కి రాలడానికి కారణం పోస్టర్ కలర్‌లో జిగురు తక్కువ కావడం. మందంగా పడిన రంగులోంచి నీరు పోతూ కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది, కాగితం వంగగానే పెచ్చులు లేస్తాయి. అదే వాడాలనుకుంటే నాలుగు చెంచాల రంగుకు ఒక చెంచా తెల్ల పీవీఏ జిగురు కలపండి. మీగడంత చిక్కదనం చాలు. జిగురు కలిపితే బట్టల మీద మరక వదలదు, అది గుర్తుంచుకోండి.

కాగితం: ప్రింటర్ కాగితం 75–80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) ఉంటుంది, తడికి ఆగదు. తడిసినచోట నార ఉబ్బి, తడవనిచోట ఉబ్బకపోవడం వల్లే ఆ అలలు. 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ కాగితం తీసుకోండి. ఆమ్లరహితం అని రాసి ఉంటే అంత త్వరగా పసుపెక్కదు. నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో గట్టి పలక మీద అంటించి, పూర్తిగా ఆరాకే తీయండి. అలలు రావు, పైగా చుట్టూ తెల్లని అంచు తయారవుతుంది. చిన్నవాడికి కాన్వాస్ బోర్డు (కాన్వాస్ గుడ్డ అంటించిన గట్టి అట్ట) ఇంకా నయం. నొక్కినా, రుద్దినా చిరగదు.

జవాబు 2 (తడికాగితం)

పై మాటలన్నీ సరే, మూడేళ్లవాడికి ఆక్రిలిక్ అన్నచోట మాత్రం ఆగాలి. వేళ్లు నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా ఉంటే వాడికి వేలి రంగులే ఇవ్వండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 71-7 ప్రకారం చేసినవాటిలో, నోట్లో పెట్టుకోకుండా చేదు పదార్థం కలుపుతారు. డబ్బా మీద ఏఎస్‌టీఎం డి-4236 (చిత్రకళా సామగ్రి లేబుళ్లకు అమెరికా ప్రమాణం) అని ఉంటే, దీర్ఘకాలిక ప్రమాదాలేమైనా ఉంటే వాటి హెచ్చరిక లేబుల్‌పై ఉండాలనే నియమాన్ని పాటించారని మాత్రమే అర్థం. నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదని కాదు. చిత్రకారులు వాడే ఖరీదైన ట్యూబుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉన్న రంగులుంటాయి, అవి పిల్లల చేతికి వద్దు. పిల్లల కోసమని చేసిన ఆక్రిలిక్కే తీసుకోండి. బట్ట మీద పడితే తడిగా ఉండగానే చన్నీళ్లతో కడగాలి, ఆరితే ఇక పోదు.

ఇప్పుడు వేయించే పద్ధతి. వయసును బట్టి రెండు వేరు వేరు పనులివ్వండి. ఇద్దరికీ ఒకే బొమ్మ ఇస్తే పెద్దమ్మాయి చిన్నవాడు వేసినదాన్ని దిద్దడం మొదలుపెడుతుంది.

మూడేళ్లవాడికి టేపు బొమ్మ. కాన్వాస్ బోర్డు మీద 2 సెం.మీ. టేపును నాలుగైదు ఏటవాలు గీతలుగా, ఒకదాన్నొకటి దాటేలా అంటించండి. చివర టేపు తీశాక వాటి చోట తెల్లని గీతలు మిగులుతాయి. అంచుల మీద చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దండి. రంగు కిందికి పాకేది అంచు దగ్గరే. దాన్ని ఆపడానికి టేపు అంచుల వెంట ముందుగా బోర్డు రంగే, అంటే తెలుపు, పలుచగా పూసి ఆరనివ్వాలి. పాకాల్సిన సందుల్లోకి తెలుపే పాకి మూసుకుంటుంది. ఈ ఒక్క పూత మానేస్తే గీతలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఆ తర్వాత రంగులు వాడికిచ్చేయండి. ఒక్కో రంగు ఒక టీ చెంచా, ఒక్కోదానికి వేరే గిన్నె, వేరే బ్రష్. పొట్టి, లావు పిడి ఉన్న అంగుళం వెడల్పు చదును బ్రష్ అయితే పిడికిలితో పట్టుకున్నా నడుస్తుంది. నీళ్ల డబ్బా బరువైనదై ఉండాలి, మూడో వంతే నింపాలి. నీళ్లు ఎక్కువైతే టేపు పని చేయదు.

ఈ వయసుకు 10–15 నిమిషాలు. బోర్డు తెలుపు ఇంకా పావు వంతు కనిపిస్తుండగానే ఆపించాలి. చేతిలోంచి లాక్కుంటే ఏడుపే. రెండో బోర్డు ముందే సిద్ధం చేసుకుని, "ఇదిగో ఇంకోటి" అని ముందు పెట్టండి. వాడే మొదటిది వదిలేస్తాడు. రుద్దడం ఇష్టమైతే ఆ రెండోదాని మీద తనివితీరా రుద్దుకోనివ్వండి.

ఆరేళ్లదానికి మైనం బొమ్మ. ఎదురుగా ఒక్క వస్తువు పెట్టండి: గొడుగు, చెప్పు, పెద్ద ఆకు, ఏదైనా సరే. ఏ3 కాగితం ఇచ్చి, "పై అంచునూ కింది అంచునూ తాకేంత పెద్దదిగా గీయి" అని ఒక్క మాట చెప్పండి. పెన్సిలు ఇవ్వకండి, దానితో మూలన చిన్న బొమ్మ గీసి చెరుపుతూ కూర్చుంటుంది. బదులుగా ఆయిల్ పాస్టెల్ (మైనం, నూనె కలిసిన రంగు కడ్డీ) ఇవ్వండి. ఆయిల్ పాస్టెల్ మొన లావు, చెరపడం కుదరదు, అందుకే గీత ధైర్యంగా పడుతుంది. గట్టిగా నొక్కి గీయమనండి. పైన వాటర్‌కలర్ పలుచగా పూస్తే మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, గీతలు మెరుస్తూ పైకి తేలతాయి. నొక్కి గీయకపోతే రంగు గీతల మీదికి ఎక్కేస్తుంది. వాటర్‌కలర్ ఆరాక వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు కొంచెం ముదురుగానే కలపండి. ఆక్రిలిక్ దీనికి తిరగబడుతుంది, ఆరితే ముదురుతుంది. వరసలో జాగ్రత్త: ఆరిన ఆక్రిలిక్ మీద ఆయిల్ పాస్టెల్ పడుతుంది గాని, ఆయిల్ పాస్టెల్ మీద ఆక్రిలిక్ పట్టుకోదు, ఊడుతుంది.

తడి మెరుపు తగ్గుతుండగా కొన్ని ఉప్పు రవ్వలు చల్లితే, అవి చుట్టూ ఉన్న నీటిని పీల్చి పూలలాంటి మరకలు వదులుతాయి. నీళ్లు నిలిచి ఉండగా చల్లితే ఉప్పు కరిగిపోతుంది, ఆరాక చల్లితే ఏమీ జరగదు. పూర్తిగా ఆరాక చేత్తో దులిపేయాలి.

ఖాళీగోడ

చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు. టేపు బొమ్మ కాగితం మీద చేస్తే తీసేటప్పుడు పై పొర చిరుగుతోంది. ఇంకోటి, ఇప్పటికే ముడుచుకున్న బొమ్మలు ఓ కట్ట ఉన్నాయి, వాటిని పారేయాల్సిందేనా?

జవాబు 3 (మౌంటుకత్తి)

పారేయొద్దు, ఆ కట్టలోనే గోడకు కావాల్సింది ఉండవచ్చు.

టేపు సంగతి: అంటించే ముందు దాన్ని రెండుసార్లు బట్టకు అంటించి తీస్తే జిగురు పదును తగ్గుతుంది. కాగితం మీదైతే పూర్తిగా ఆరాక, హెయిర్ డ్రయ్యర్‌తో జిగురు మెత్తబడేలా వేడి చేసి, టేపును దాని మీదికే వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. పైకి ఎత్తి లాగితేనే చిరిగేది. కాన్వాస్ బోర్డు మీద దీనికి విరుద్ధంగా చేయాలి. ఆక్రిలిక్ కొంచెం తేమగా ఉండగానే తీసేయాలి, లేకపోతే టేపుతో పాటు రంగు పొర లేస్తుంది.

ముడుచుకున్న బొమ్మను సరిచేయడం: బొమ్మను బోర్లా బటర్ పేపర్ మీద పెట్టండి. వెనక వైపు మాత్రం సన్నని తుంపరతో చల్లండి, చేతికి చల్లగా తగిలేంత చాలు. పైన శుభ్రమైన తెల్లకాగితం, దాని మీద పలక, దాని మీద బరువైన పుస్తకాలు. 24 గంటలు కదపొద్దు. పోస్టర్ కలర్ బొమ్మకు నీళ్లు ఎక్కువైతే రంగు బటర్ పేపర్‌కు అంటుతుంది. ఆక్రిలిక్ బొమ్మలు ఆరాక కూడా ఒకదానికొకటి అతుక్కుంటాయి, దాచేటప్పుడు మధ్యలో బటర్ పేపర్ తప్పనిసరి.

ఇక ఎంపిక. అట్టముక్కతో రెండు 'ఎల్' ఆకారాలు కత్తిరించి, చట్రంలా పట్టుకుని బొమ్మ మీద జరుపుతూ చూడండి. మొత్తంగా గజిబిజిగా ఉన్న పెద్ద కాగితంలో ఏదో ఒక మూల చాలా బాగుంటుంది. పూర్తి సైజు వాటర్‌కలర్ షీటు 56×76 సెం.మీ. దాని మీద ఇద్దరూ కలిసి వేస్తే, నిలువుగా మూడు ముక్కలు కోసి 25×56 పలకలు మూడు చేయొచ్చు. రంగులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారుతున్నట్టు ఉంటుంది. కానీ కోసే ముందు వేసినవాళ్లను అడగాలి. 'ఎల్' ముక్కలు వాళ్ల చేతికే ఇచ్చి, "నీకు ఏ చోటు ఇష్టం?" అనండి. ఒప్పుకోకపోతే స్కాన్ చేసి ఆ ప్రతిని కోయండి. అదే సైజుకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) చాలు, ఏ4ను ఏ3గా పెంచాలంటే 600లో స్కాన్ చేయాలి.

ఫ్రేము: ఏ4 బొమ్మకు 30×40 సెం.మీ. ఫ్రేము, లోపల మౌంటు (మధ్యలో కిటికీ కోసిన మందపాటి అట్ట). మౌంటు కిటికీ 200×287 మి.మీ. కోయించండి, బొమ్మ అంచు ఇరువైపులా 5 మి.మీ. లోపలికి దాగుతుంది. చుట్టూ 5 సెం.మీ. పైగా తెల్లని జాగా వస్తుంది. పిల్లల బొమ్మను గోడకు తగిన బొమ్మగా మార్చేది నా దృష్టిలో ఈ తెల్లని జాగానే, దీని దగ్గర పొదుపు చేయొద్దు. మౌంటు ఉంటే రంగు అద్దానికి తగలదు. తగిలితే తేమకు అతుక్కుని, తీసినప్పుడు రంగు అద్దంతో వచ్చేస్తుంది. బొమ్మను మౌంటుకు పై అంచున రెండుచోట్ల మాత్రమే టేపుతో వేలాడదీయండి. నాలుగు వైపులా బిగిస్తే, గాలిలో తేమ పెరిగినప్పుడు కాగితం సాగడానికి చోటు లేక మళ్లీ ఉబ్బుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అద్దం బదులు ఆక్రిలిక్ షీటు (అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పలక) పెట్టించండి.

గోడ లెక్క: సోఫా మీది వరస, సోఫా పొడవులో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటే కుదురుగా కనిపిస్తుంది. మీకు 120 సెం.మీ. 30×40 ఫ్రేము బయటి వెడల్పు సుమారు 32 అనుకుంటే, మూడు ఫ్రేములు, మధ్యలో 6 సెం.మీ. చొప్పున రెండు ఖాళీలు కలిపి 108. ఏ3 బొమ్మలకు 40×50 ఫ్రేములైతే 138 వస్తుంది, అదీ ఫర్వాలేదు. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 145–150 సెం.మీ. ఎత్తులో ఉండాలనే లెక్క ఖాళీ గోడకు పనికొస్తుంది. సోఫా మీదైతే దాన్ని వదిలేసి, సోఫా వీపు పై అంచు నుంచి 15–20 సెం.మీ. ఎత్తులో ఫ్రేము అడుగు ఉంచండి. లేకపోతే బొమ్మలు గాల్లో వేలాడుతున్నట్టు ఉంటాయి. న్యూస్‌పేపర్ని ఫ్రేముల సైజుకు కత్తిరించి ముందు గోడకు అంటించి చూసుకుని, అప్పుడు మేకులు కొట్టండి. ఒక్కో ఫ్రేముకు రెండు మేకులైతే పక్కకు వాలదు.

కుంచెకట్ట

ఒక్కటి కలుపుతాను. ఆరిన పోస్టర్ కలర్ మీద బ్రష్‌తో నీటి వార్నిష్ పూయకండి, రంగు కరిగి చారలు పడతాయి. ఫ్రేము వెనక ఉంటుంది కాబట్టి దానికి వార్నిషే అక్కర్లేదు. కాన్వాస్ బోర్డు మీది ఆక్రిలిక్‌కు రెండు పలుచని పూతలు సరిపోతాయి. స్ప్రే రకమైతే పిల్లలు లేనప్పుడు, ఆరుబయట పెద్దవాళ్లే కొట్టాలి.

ఖాళీగోడ

ఆ గోడకు సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. రంగులు వెలుస్తాయా?

తడికాగితం

వెలుస్తాయి. ఉతికితే పోయే పిల్లల రంగులు మరీ త్వరగా వెలుస్తాయి. ఆ గోడకు స్కాన్ ప్రతులు పెట్టి, అసలు బొమ్మలు చీకటిగా, పొడిగా ఉండేచోట బల్లపరుపుగా దాచండి, చుట్ట చుట్టొద్దు. వెనక పేరు, వయసు, తేదీ మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్ పెన్నుతో రాస్తే ముందు వైపు నొక్కు పడుతుంది.