మల్టీ-ఆర్క్: సేమ్ పెట్టాక ఐ386 డెవ్ ప్యాకేజీ ఎక్కట్లేదు, హెడర్ దగ్గర ఆగుతోంది

ప్రశ్న:
డెబియన్‌లో ఒక సీ లైబ్రరీ డెవ్ ప్యాకేజీకి (హెడర్లుండేది) మల్టీ-ఆర్క్: సేమ్ పెట్టాను, అంటే ఒకే మెషీన్లో రెండు ఆర్కిటెక్చర్ల కాపీలూ పక్కపక్కన ఉండొచ్చని చెప్పే గుర్తు. ఏఎండీ64 (64-బిట్) ఉన్న మెషీన్లో ఐ386 (32-బిట్) కూడా వేయబోతే ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఒప్పుకోవట్లేదు. /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ కింద ఉన్న కాన్ఫిగ్ హెడర్ రెండిట్లో వేరుగా ఉందట. అది కాన్ఫిగర్ స్క్రిప్టు పుట్టించే ఫైలు. సేమ్ తీసేయడం తప్ప దారి లేదా?

జవాబు 1:
తీసేయకండి. సేమ్ అంటే ఒకే దారిలో పడే ఫైలు అన్ని ఆర్కిటెక్చర్లలోనూ బైటు తేడా లేకుండా ఉండాలి. ముందు రెండు డెబ్‌లనూ (ప్యాకేజీ ఫైళ్లు) వేర్వేరు ఫోల్డర్లలో విప్పి డిఫ్ కొట్టండి. తేడా బిల్డ్ తేదీదో, బిల్డ్ డైరెక్టరీదో అయితే అది హెడర్‌లో ఉండాల్సిన సరుకే కాదు, పీకేయండి. లాంగ్ సైజు ఒకచోట 8, ఒకచోట 4 అని వస్తుంటే, ఆ అంకె బదులు జీసీసీ కంపైలర్ తనంతట ఇచ్చే __సైజాఫ్_లాంగ్__ మాక్రో వాడేలా ప్యాచ్ చేయండి. ఒక్క ఫైలే రెండిటికీ సరిపోతుంది.

జవాబు 2:
నిజంగానే వేరుగా ఉండాల్సిన హెడరైతే ఆ ఆర్కిటెక్చర్ సొంత ఫోల్డర్ కిందికి జరపండి, ఏఎండీ64కైతే అది /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ. డెబియన్ జీసీసీ అక్కడ అడక్కుండానే వెతుకుతుంది. జీఎంపీ అనే లెక్కల లైబ్రరీ హెడర్ ఉండేదీ అక్కడే. రూల్స్‌లో (ప్యాకేజీని కట్టే స్క్రిప్టు) ఆ ఫోల్డర్ పేరు కోసం డెబ్_హోస్ట్_మల్టీఆర్క్ వేరియబుల్ వాడండి. డెబ్_హోస్ట్_గ్నూ_టైప్ రాస్తే ఏఎండీ64లో బానే నడుస్తుంది, ఐ386లో మాత్రం ఐ686-లినక్స్-గ్నూ అని వస్తుంది. కంపైలర్ చూసేది ఐ386-లినక్స్-గ్నూలో, ఇంకేం దొరుకుతుంది!

అసలు చిక్కు జరిపాక వస్తుంది. మిగతా హెడర్లు దీన్ని డబుల్ కోట్స్‌లో ఉత్త పేరుతో పిలుస్తుంటే, కంపైలర్ ముందు ఆ హెడర్లున్న ఫోల్డర్లోనే చూస్తుంది, అక్కడ ఇప్పుడది లేదు. తర్వాత మామూలు దారుల్లో వెతికినా లైబ్రరీ సబ్‌ఫోల్డర్లోకి దిగదు. యాంగిల్ బ్రాకెట్లలో సబ్‌ఫోల్డర్ పేరుతో సహా రాయండి. అన్ని చోట్లా మార్చే ఓపిక లేకపోతే ఇన్‌క్లూడ్‌డిర్ (హెడర్లన్నీ పడే చోటు) మొత్తాన్ని ఆ దారికే తిప్పేయండి, డిస్కులో రెండో కాపీ పడుతుంది, అంతే.

ప్రశ్న అడిగినవారు:
డిఫ్ చూశాను, లాంగ్ సైజు ఒక్కటే తేడా. ఇదే లైబ్రరీ ఫెడోరాకీ కట్టాలి. అక్కడా ఇదే పద్ధతా?

జవాబు 3:
కాదండీ. ఫెడోరాలో ఆర్కిటెక్చర్‌కో ఇన్‌క్లూడ్ ఫోల్డర్ ఉండదు. అసలు ఫైలు పేరు చివర -64 అనో -32 అనో తగిలించి, పాత పేరుతో ఓ చిన్న హెడర్ పెడతారు. అది వర్డ్‌సైజ్ (కంపైల్ చేస్తున్నది 32-బిట్టా, 64-బిట్టా అన్నది) చూసి సరైనదాన్ని తెచ్చుకుంటుంది. పైథాన్ పైకాన్ఫిగ్ హెడర్ అలాంటిదే. స్పెక్ ఫైల్లో (ఫెడోరా ప్యాకేజీని కట్టే ఫైలు) మల్టీలిబ్-ఆర్పీఎం-కాన్ఫిగ్‌ను బిల్డ్‌రిక్వైర్స్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ సెక్షన్ చివర మల్టీలిబ్_ఫిక్స్_సీ_హెడర్ మాక్రోకి ఫైలు దారి ఇవ్వండి. మల్టీలిబ్ (32, 64-బిట్ లైబ్రరీలు రెండూ కలిసి ఉండటం) లేని ఆర్కిటెక్చర్లలో ఆ మాక్రో ఏమీ చేయదు, కాబట్టి ఫైల్స్ జాబితాలో -64 పేరు నేరుగా రాస్తే అక్కడ బిల్డ్ ఆగుతుంది. ఆ చివరి భాగం బదులు స్టార్ (*) పెట్టండి. మీకున్నది లాంగ్ సైజు తేడాయే కనక, మొదటి జవాబులోని ప్యాచే వేస్తే ఫెడోరాలో ఇదంతా అక్కర్లేదు.