చేత్తో ఇస్తే డీవీడీ రాస్తోంది, క్రాన్‌లో పెడితే రాయడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పోయిన ఏడాది హార్డ్ డిస్క్ పోయింది. ఒక కస్టమర్ పుస్తకం, దాదాపు 300 పేజీలు, మళ్ళీ మొదటినుంచి కంపోజ్ చేసి ఇచ్చాను. అప్పటినుంచి పని ఫోల్డరంతా రోజూ డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ మీద రాసుకుంటున్నాను. డెబియన్ లినక్స్, గ్రోఐసోఎఫ్ఎస్ కమాండ్. డేటా 3 జీబీ లోపే. రోజూ గుర్తుపెట్టుకోలేక, చెప్పిన టైముకి కమాండ్‌ను దానంతటదే నడిపే క్రాన్‌లో రాత్రి 9:30కి పెట్టాను. పొద్దున చూస్తే డిస్క్‌లో పాత ఫైళ్లే ఉంటున్నాయి. అదే కమాండ్ చేత్తో కొడితే చక్కగా రాస్తోంది. వారం నుంచి ఇదే టెన్షన్.

జవాబు

క్రాన్‌లో నడిచే కమాండ్ ఏం చెప్పిందో మనకు కనిపించదండి. ముందు దాని మాటలన్నీ, ఎర్రర్లతో సహా, ఒక లాగ్ ఫైల్లోకి మళ్ళించండి. రేపు పొద్దున ఆ ఫైల్లో చివరి నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి. అది చూడకుండా ఏం చెప్పినా ఊహే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

పెట్టానండి. 'ఫేటల్' అని మొదలై, డ్రైవ్ పేరు, తర్వాత 'ఆల్రెడీ క్యారీస్ ఐసోఎఫ్ఎస్' అని ఉంది. డిస్క్ పాడైందా?

జవాబు

డిస్క్‌కి ఏమీ కాలేదు. మీరు పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తున్నారు కదా, అంటే డిస్క్‌ను మొదటినుంచి రాయమని. అందులో అప్పటికే ఫైళ్లుంటే, చేత్తో కొట్టినప్పుడు గ్రోఐసోఎఫ్ఎస్ హెచ్చరించి ముందుకు పోతుంది, ఎదురుగా మనిషి ఉన్నాడు గనుక. క్రాన్‌లో టెర్మినల్ (మనం కమాండ్ కొట్టే విండో) ఉండదు. ఎవరూ చూడనప్పుడు ఉన్న డేటా చెరిపేయకూడదని అక్కడే ఆగిపోతుంది. దాన్ని దాటించే ఆప్షన్ 'యూజ్-ద-ఫోర్స్-ల్యూక్=టీటీవై'. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను, మీరు ముందు ఒక గీత పెట్టి ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.

కానీ ఒక్క డిస్క్ మీదే రోజూ రాస్తుంటే మాత్రం ఆ ఆప్షన్ పెట్టకండి. రాస్తుండగా కరెంటు పోతే పాత కాపీ పోయినట్టే, కొత్తదీ పూర్తికాదు. కనీసం మూడు డిస్కులు తిప్పండి. వారానికి ఏడైతే మరీ మంచిది. ఈ డిస్కులు సుమారు 1,000 సార్లు రాయడానికి పనికొస్తాయంటారు, గీతలూ దుమ్మూ పడితే అంతకాలం రావు. ప్లస్ ఆర్‌డబ్ల్యూని ప్రతిసారీ చెరపాల్సిన పని లేదు, నేరుగా పైన రాసేయొచ్చు. ఉత్తపుణ్యానికి ఫార్మాట్ చేసి దాని ఆయుష్షు తగ్గించకండి.

ఏడు డిస్కులకీ పెద్ద వి ఆప్షన్‌తో సోమ, మంగళ అని లేబుళ్లు ఇవ్వండి. స్క్రిప్టు ముందుగా డ్రైవ్‌లోని లేబుల్ చదవాలి. అది ఆ రోజుది కాకపోతే రాయకుండా ఆగాలి. డిస్క్ మార్చడం మర్చిపోయిన రోజు మిమ్మల్ని కాపాడేది ఈ రెండు లైన్లే.

సైజు కూడా ముందే చూసుకోవాలి. 4.7 జీబీ అని రాసి ఉన్నా, వెయ్యికి బదులు 1,024తో లెక్కేస్తే 4.38 దగ్గర ఆగుతుంది. డిస్క్‌లో ఉండేవి 2,048 బైట్ల సెక్టార్లు 22,95,104. గ్రోఐసోఎఫ్ఎస్ కోసం డిస్క్ ఇమేజ్ తయారుచేసే జెన్ఐసోఇమేజ్‌ని 'ప్రింట్-సైజ్' ఆప్షన్‌తో అడిగితే ఎన్ని సెక్టార్లు కావాలో చెబుతుంది. ఎక్కువైతే అక్కడే ఆపేయండి.

ఇంకొకరు

ఒక మాట. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టే అలవాటుందా? క్రాన్‌కి మీ భాషా సెట్టింగులు తెలియవు. 'ఇన్‌పుట్-చార్‌సెట్' ఆప్షన్‌కు యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి. లేకపోతే విండోస్‌లో తెరిచినప్పుడు పేర్లు చెత్త అక్షరాలుగా కనిపిస్తాయి. ఆర్, జె ఆప్షన్లు రెండూ ఉండాలి. మొదటిది లినక్స్‌కి, రెండోది విండోస్‌కి.

నేనైతే క్సొరిసో అనే డిస్క్ రాసే ప్రోగ్రాం వాడతాను. 'అప్‌డేట్_ఆర్' ఇస్తే మారిన ఫైళ్లే డిస్క్‌లో చేరతాయి, 'ఫర్_బ్యాకప్' ఇస్తే ఫైలు పాడైందో లేదో తేల్చే ఎండీ5 గుర్తులు కూడా రాసి పెడుతుంది. ఫోల్డర్ పెద్దదయ్యాక అటు మారండి. 3 జీబీకి మీ పద్ధతి చాలు.

ప్రశ్న అడిగినవారు

ఆ 'టీటీవై' ఆప్షన్ పెట్టాను, రాత్రి రాసింది! నిజంగా చాలా సంతోషంగా ఉంది. కానీ రాయడం అయ్యాక ట్రే బయటికొచ్చి అలాగే ఉండిపోతోంది. యూఎస్‌బీ పలుచటి డ్రైవ్. తర్వాత పెట్టిన చెకింగ్ లైన్ 'డిస్క్ లేదు' అంటోంది.

జవాబు

ట్రే ఉన్న పలుచటి డ్రైవులు దాదాపు అన్నీ అంతే. వాటి ట్రేకి మోటారు ఉండదు, చేత్తోనే నెట్టాలి. ట్రే బయటికి రాకుండా 'నోట్రే' అని ఇంకో ఆప్షన్ ఉంది గానీ, మీకు నేనది చెప్పను. రాసిన వెంటనే చదివితే కొన్నిసార్లు కంప్యూటర్ మెమరీలో మిగిలినదే చూపిస్తుంది. డిస్క్ బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్తేనే అసలు చెకింగ్.

ఇలా చేయండి. రాత్రి రాసేముందు ఫోల్డర్లోని ఫైళ్లన్నిటికీ షా256సమ్ కమాండ్‌తో (ఒక్కో ఫైలుకూ దానిలో ఉన్నదాన్ని బట్టి ఒక గుర్తు లెక్కకట్టేది) ఒక జాబితా చేసి, దాన్నీ డిస్క్‌లోకి పంపండి. చెకింగ్‌ని రాత్రి స్క్రిప్టులోంచి తీసేయండి. పొద్దున షాపు తెరిచి, దీపం పెట్టి, ట్రే లోపలికి నెట్టి, ఆ జాబితాతో డిస్క్‌ని సరిచూసే చిన్న స్క్రిప్టు నడపండి. 3 జీబీకి కొద్ది నిమిషాలే. ఆ రోజు డిస్క్ అప్పుడే పెట్టేయండి. అసలు కంప్యూటరే పోయినా, ఆ జాబితా ఉంటే పదేళ్ల తర్వాత కూడా ఏ ఫైలు బాగుందో, ఏది పోయిందో డిస్కే చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు

పది రోజులైందండి. ఏడు డిస్కులు కొన్నాను, 4 ఎక్స్ వేగంలో రాయడానికి తొమ్మిది, పది నిమిషాలు పడుతోంది. మొన్న గురువారం డిస్క్‌లో రెండు ఫైళ్లు సరిపోలలేదని జాబితా పట్టేసింది. ఆ డిస్క్ పక్కన పడేసి కొత్తది పెట్టాను. శనివారం డిస్క్‌ని మా బావగారింట్లో ఉంచుతున్నాను. ఆ పుస్తకం కస్టమర్ రెండో భాగం ఇచ్చారు, అది కూడా ఇప్పుడు ఏడు చోట్ల ఉంది.